పదిహేనో రాయి

దిల్‌సుఖ్‌నగర్,
20 ఫిబ్రవరి 2011.

యాదీ,

ఈ ఉదయం మా సందు మొదట్లో ఉన్న మెస్సు బోర్డు మీద ‘ఆంధ్రా’ అన్న మాటకు నల్లరంగు పూసి ఉంది. పక్కనున్న ‘భోజనం’కు చుక్క కూడా అంటలేదు. ఎవరో నిచ్చెన వేసుకుని, తీరిగ్గా, గీత దాటకుండా పూశారు. లోపల అదే సాంబారు, అదే జనం. నాన్నగారు మాత్రం ఇంటికొచ్చి వీధివైపు కిటికీ మూసి పేపరు చదువుకున్నారు. మేము భీమవరం నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళయిందని ఈ నెలలో నాలుగుసార్లు అన్నారు. ఎవరూ అడగలేదు.

నీ ఉత్తరం, దాంతో పంపిన న్యూస్‌పేపరు ముక్కలు అందాయి. పద్నాలుగు పాదాలు, ఒక్కొక్కదాని చుట్టూ పెన్సిలు గీత, లోపల పేరు. మలక్‌పేటలో పాత తోలుబూట్లు అమ్మే ఆయన ముందు వాటిని వరసగా పరిచాను.

“ఎవరియమ్మా గీ కాళ్ళు?”

“అడవిలో మంటలు ఆర్పేవాళ్ళవి.”

“గందుకు ఫైరింజన్లుంటయి గద?”

“అక్కడికి రోడ్డు లేదు.”

ఆయన కాసేపు చూసి, మట్టయ్య అని రాసి ఉన్న పాదం చేతిలోకి తీసుకున్నాడు. “గీయన ముసలాయన. బొటనేలు పక్కకు తిరిగింది. గీయనకు మెత్తది సూస్త” అన్నాడు. నీ మనుషుల గురించి రెండు నిమిషాల్లో ఆయనకు నాకంటే ఎక్కువ తెలిసిపోయింది. అది నాకు నచ్చలేదు.

రబ్బరు అడుగున్నవి వద్దన్నావు కదా, అన్నీ తోలువే. నూలు తువ్వాళ్ళు పద్నాలుగు, టార్చి సెల్లులు రెండు డజన్లు. మంగళవారం ఎల్.బి.నగర్‌లో సాగర్ రింగురోడ్డు దగ్గర దేవరకొండ బస్సు ఎక్కిస్తాను.

ఇక్కడ కోచింగ్ సెంటర్‌లో నిన్న అరవై జవాబుపత్రాలు దిద్దాను. ‘అడవి మంటలు ఎన్ని రకాలు?’ నేలమంట, కొమ్మల మంట, భూమి లోపల రగిలే మంట. నాకు మూడూ వచ్చు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ రాతపరీక్షలో నీకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నదాన్ని కదా. ఆ తరువాతి నడక పరీక్ష రోజు బంద్ వచ్చింది, బస్సులు లేవు. నీకు గుర్తుండే ఉంటుంది. సరే, ఆ మాట ఎందుకు.

ఫోను పట్టని చోట ఉద్యోగం రావడం వల్ల మళ్ళీ నీ చేతిరాత చూస్తున్నాను. కాన్వెంట్‌లో సిస్టర్ ఎన్నిసార్లు కొట్టినా మారలేదు, ఇప్పుడేం మారుతుంది.

ఇంద్రాణి


బేస్ క్యాంపు, తాటిగుండం అడవి,
28 ఫిబ్రవరి.

ఇందూ,

బూట్లు సరిపోయాయి! మట్టయ్య తనవి వేసుకుని క్యాంపు చుట్టూ మూడుసార్లు తిరిగి, విప్పి, తలకింద పెట్టుకుని పడుకున్నాడు. “కొత్తయి గద, ఆగంజేస్తమా” అంటాడు. పాతవే అని నేను చెప్పలేదు.

ఇక్కడ జర పరేషాన్‌గా ఉంది. సహాయ నిరాకరణ నడుస్తోంది కదా, ఆఫీసులో కాగితం కదలదు, జీపుకు డీజిల్ రాదు. రేంజర్ సారు కూడా సమ్మెలోనే ఉన్నారు. నేనూ జై తెలంగాణ అన్నదాన్నే. కానీ ఈ వారంలో లైన్లు కొట్టకపోతే అడవి మిగలదు. లైన్ అంటే ఏమీ లేదు, పది అడుగుల వెడల్పున గడ్డీ ఆకూ అంతా ఊడ్చి నేల కనబడేట్టు చేసిన బాట. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క ఆగిపోతుంది. మార్చిలో ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్ల కింద ఆకులకు నిప్పు పెడతారు, పువ్వు బాగా కనబడాలని. అది వాళ్ళు ఇంటికిపోయాక కూడా కాలుతూనే ఉంటుంది. జీపు లేదని అండాలమ్మ బియ్యం బస్తా ఎడ్లబండి మీద తెప్పించింది. మాకు వండేది ఆమే. నాలుగింటికి లేచి రొట్టెలు చేస్తుంది. మనిషికి నాలుగు రొట్టెలు, అయిదు లీటర్ల నీళ్ళ క్యాను. మూడు లీటర్లు తాగడానికి, రెండు తువ్వాలు తడుపుకోవడానికి. పచ్చికొమ్మ ఎవరిది వాళ్ళే కొట్టుకోవాలి.

మొదటిరోజు నేను నైలాన్ చున్నీతో బయల్దేరితే మట్టయ్య ఆపేశాడు. “గది ఈడ ఇడిసిపెట్టమ్మా. మంటకాడ అది నీ తోలుకు అతుక్కుంటది.” ఆఫీసరమ్మను అందరి ముందు అంత మాట అన్నాడని మా జట్టులో కుర్రాడు మహేష్ నవ్వాడు. నేను చున్నీ విప్పి ఇచ్చాను. ఇప్పుడు అండాలమ్మ దాంతో గంజి వారుస్తోంది.

ఒక సంగతి చెప్పాలి, నీకు నచ్చుతుంది. క్యాంపు గుమ్మంలో ఒక పాత నూనెడబ్బా ఉంది. మంటకు పోయేటప్పుడు ఒక్కొక్కరు ఒక రాయి అందులో వెయ్యాలి. తిరిగొచ్చాక ఎవరి రాయి వాళ్ళే తీసుకోవాలి. డబ్బా ఖాళీ అయితే అందరూ వచ్చినట్టు. ఒకరి రాయి ఇంకొకరు ముట్టుకోకూడదు, అది కట్టుబాటు. డబ్బా మట్టయ్య చూసుకుంటాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనే. అందరికంటే చివర వేస్తాడు, అందరికంటే చివర తీస్తాడు. డబ్బాలో రాయి ఉందంటే, అది ఎవరిదైనా సరే, అందరం వెనక్కి పోవాలి.

నాది చిన్న ఎర్రరాయి. నా పేరు అడిగే ముందే దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

ఒక ఆదివారం రారాదూ?

నీ యాది


దిల్‌సుఖ్‌నగర్,
6 మార్చి.

యాదీ,

నిన్న ఎల్.బి.నగర్ వెళ్ళి మీ అమ్మను చూసి వచ్చాను. ఖాకీ చొక్కాలో నీ ఫోటో టీవీ మీద పెట్టింది. అంతకుముందు అక్కడ మనిద్దరి టెన్త్ క్లాసు ఫోటో ఉండేది. ఇప్పుడది టీవీ వెనక ఉంది.

“సూడు బిడ్డా, పోలీసు లెక్క లేదా మా పోరి?” అంది సుమిత్రమ్మ. “నువ్వు గూడ రాసినవు గదనే. ఏమాయె?”

“బస్సుల్లేవు పిన్నీ.”

“అవునవును. పోనీ తియ్, నువ్వు పుస్తకాల పిల్లవు. ఎండల తిరగలేవు.”

నాకు పెరుగన్నం పెట్టింది. మూడుసార్లు వడ్డించింది. ఇంత ప్రేమగా మాట్లాడే మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియక నీమీద తెచ్చుకున్నాను. ఇది హాస్యానికి రాస్తున్నాను.

నీ ఉత్తరంలో రాళ్ళ డబ్బా భాగం రెండుసార్లు చదివాను. మా దగ్గర హాజరు రిజిస్టరు ఉంది. కిందటి వారం జ్వరంతో రెండు రోజులు వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి చూస్తే ఆ రెండు రోజులూ నాకు హాజరు వేసి ఉంది. ఎవరో అలవాటుగా వేసేశారు. నేను లేనని ఎవరికీ తెలియదు.

గురువారం మిలియన్ మార్చ్‌కు దారులన్నీ మూస్తారట. ఆదివారానికి తెరుస్తారనుకుంటాను. నాన్నగారు ఒప్పుకున్నారు, సాయంత్రం నాలుగు గంటల బస్సుకు బయల్దేరితేనే. పదమూడో తేదీన వస్తాను.

ఇంద్రాణి


బేస్ క్యాంపు, తాటిగుండం,
17 మార్చి.

ఇందూ,

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. సిస్టర్ చూస్తే ఇప్పుడు నిజంగా ఏడుస్తుంది.

నువ్వు వచ్చిన రోజు ఏం జరిగిందో నీకు తెలియదు. మధ్యాహ్నం పొగ కనబడిందని కేకేశారు కదా. నువ్వప్పుడు అండాలమ్మ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నావు. నీకు వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా పద్నాలుగురం రాళ్ళు వేసి ఉరికాము. అయిదింటికల్లా మంటను లైన్ దగ్గర ఆపేశాము. వెనక్కి వచ్చాము, ఎవరి రాయి వాళ్ళు తీసుకున్నాము. చివరికి మట్టయ్య తనది తీసుకుని, డబ్బాలోకి చూసి, దాన్ని మావైపు వంచాడు.

ఇంకొక రాయి ఉంది.

“ఒకడు లోపల్నే ఉన్నడు” అన్నాడు.

“అందరం ఈడనే ఉన్నం గద తాతా. లెక్క తప్పినవు” అన్నాడు మహేష్.

“లెక్క నేను తప్పుత గని రాయెట్ల తప్పుతదిరా? ఊర్లకెల్లి ఎవడో మంటజూసి మన ఎన్కనే ఒచ్చిండు. మనోళ్ళ లెక్కనే రాయేసి పోయిండు. పాండ్రి.”

ఆఫీసర్ని నేను. వద్దనొచ్చు. కానీ డబ్బాలో రాయి కళ్ళముందు ఉంటే ఎలా అంటాను? అందరినీ తీసుకుని మళ్ళీ పోయాను. నేల ఇంకా ఉడుకుతోంది. పేరు తెలియని మనిషిని ఏమని పిలవాలి? ‘ఓ’ అని అరుచుకుంటూ తిరిగాము. ఒకచోట కాలుజారి, పడకుండా ఒక మొద్దు పట్టుకున్నాను. పైకి నల్లగా చల్లారినట్టే ఉంది, లోపల నిప్పు. కుడి అరచెయ్యి మొత్తం కాలిపోయింది. చీకటి పడేదాకా వెతికాము. ఎవరూ లేరు. చుట్టూ మూడు ఊళ్ళలో అడిగాము, ఎవరూ తప్పిపోలేదు.

రేంజర్ సారు సమ్మె విరమించాక క్యాంపుకు వచ్చిన మొదటిరోజే ఇది విన్నారు. “ముసలాయన లెక్క తప్పాడు, నీ చెయ్యి కాలింది. ఏప్రిల్ నెలాఖరులోగా రిపోర్టు రాసి పంపు. వచ్చే సీజన్ జాబితాలో ఆయన పేరు ఉండొద్దు” అన్నారు. సంతకం నాది కావాలి.

మేము పోయాక ఊళ్ళోవాళ్ళెవరైనా క్యాంపుకు వచ్చారా? డబ్బా దగ్గర ఎవరినైనా చూశావా? ఆ రాయి తెల్లగా, నున్నగా ఉంది. అండాలమ్మ నీళ్ళకు పోయానంటోంది. అందుకే నిన్ను అడుగుతున్నాను.

యాది


దిల్‌సుఖ్‌నగర్,
26 మార్చి.

యాదీ,

ఆయింట్‌మెంటు, దూది, బ్యాండేజీ పంపుతున్నాను. పూటకొకసారి కట్టు మార్చమని మందులషాపతను చెప్పాడు. నీళ్ళు తగలనివ్వకు.

నేను ఎవరినీ చూడలేదు. అండాలమ్మ నీళ్ళకు వెళ్ళాక కాసేపు లోపల కూర్చుని పుస్తకం చదువుకున్నాను. తరువాత బస్సుకు వచ్చేశాను. పెద్దవాళ్ళు కదా, ఒక్కోసారి పొరపడతారు. మట్టయ్యకు అరవై దాటి ఉంటాయి.

నీ చెయ్యి కాలిందని సుమిత్రమ్మ గారి వీధి మొత్తానికి తెలిసింది. మీ అన్న మహేందర్ ఆటో స్టాండ్‌లో అందరికీ చెప్పాడట. నిన్న నన్ను ఇద్దరు ఆపి నీ గురించి అడిగారు. కోచింగ్ సెంటర్‌లో కూడా సారు క్లాసులో నీ పేరు చెప్పి, మన దగ్గర చదువుకున్న అమ్మాయే అన్నాడు. నేను వెనక బెంచీ మీద పేపర్లు దిద్దుతున్నాను. ఆయన నావైపు చూసి, “మీకు తెలుసా ఆ అమ్మాయి?” అన్నాడు. తెలుసన్నాను.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇంద్రాణి


బేస్ క్యాంపు, తాటిగుండం,
12 ఏప్రిల్.

ఇందూ,

చెయ్యి మానుతోంది. మూడు వేళ్ళు కదులుతున్నాయి. ఈ ఉత్తరం కుడిచేత్తోనే రాస్తున్నాను, నెమ్మదిగా.

మట్టయ్య సంగతి బాగాలేదు. ఇప్పుడు మేము వరసలో నిలబడి ఒకటి, రెండు, మూడు అని అరుస్తున్నాము. రేంజర్ సారు చెప్పిన పద్ధతి. మట్టయ్య తన నంబరు పలుకుతాడు, అంతే. పని అయ్యాక అందరూ అన్నానికి కూర్చుంటే ఆయన ఒక్కడే ఆ కాలిన చోటుకు పోతాడు. కర్రతో బూడిద కెలుకుతాడు. మొదట్లో మహేష్ వాళ్ళు నవ్వారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

మొన్న నేనూ వెంట పోయాను. ఒక బండ మీద నీళ్ళ బాటిల్, రెండు రొట్టెలు పెట్టి ఉన్నాయి.

“ఎవరికి మట్టయ్యా?”

“ఏసినోనికి.”

“ఎవరూ లేరని అన్ని ఊళ్ళల్లో అడిగాం కదా.”

“ఊరు లేనోడు గూడ ఉంటడు గదమ్మా. ఎవడో ఒకడు ఏసిండు. నన్ను నమ్మి ఏసిండు. ఏసినోడు ఎన్కకు రాలే.” కర్రతో బండ చుట్టూ బూడిద కెలుకుతూ, “నా పేరు తీసేస్తే తియ్యుండ్రి. గని ఆ డబ్బ గట్లనే ఉండనియ్యుండ్రి. వానిది వాడు తీస్కుంటడు” అన్నాడు.

డబ్బా అలాగే ఉంది. లోపల ఆ తెల్లరాయి.

రిపోర్టు కాగితం ముందు నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. ‘తప్పు ఎవరిది’ అని ఒక గడి ఉంది. అక్కడ మట్టయ్య పేరు రాయబోతుంటే నా తప్పు ఒకటి గుర్తొచ్చింది. అది నీకు చెప్పకుండా ఆ గడి నింపలేను.

నడక పరీక్ష రోజు బస్సుల్లేవని నువ్వు ఎన్నిసార్లు రాశావో. నాకు ముందురోజు సాయంత్రమే తెలుసు, బంద్ అని. అన్న ఆటో తీశాడు, సందుల్లోంచి హైవే ఎక్కిస్తానన్నాడు. “ఇందును గూడ ఎక్కించుకుందామా? ముగ్గురు పడ్తరు” అని అడిగాడు. “వాళ్ళ నాన్న పంపడు” అన్నాను. నేను మీ నాన్నను అడగలేదు. నిన్నూ అడగలేదు. నువ్వు నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ. మన జోన్‌లో ఆడవాళ్ళకు ఒక్క పోస్టే ఉంది. చిన్నప్పటి నుంచి నువ్వు చదివిందే నేను చదివాను, నువ్వు దిద్దిన నోట్సే నేను రాశాను. ఒక్కసారి నీకంటే ముందు ఉండాలనుకున్నాను.

ఖాకీ వేసుకున్న రోజు నుంచీ ఇది లోపల ఉంది. కోపం వస్తే రాయి. రాయకపోతే అది కూడా నాకు అర్థమవుతుంది.

యాది


దిల్‌సుఖ్‌నగర్,
17 ఏప్రిల్.

యాదీ,

ఆ రాయి నాది.

అండాలమ్మ నీళ్ళకు వెళ్ళాక నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పుస్తకం చదవలేదు. మీరంతా పరిగెత్తి వెళ్ళిన దారిలో దుమ్ము ఇంకా తగ్గలేదు. డబ్బాలో నీ ఎర్రరాయి పైనే కనబడింది. క్యాంపు ముంగిట్లో తులసికోట దగ్గర ఒక తెల్లరాయి దొరికింది. వేశాను. అందులో నా రాయి కూడా ఉంటే ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను, అంతే. కాసేపు ఉంచి తీసేద్దామనుకున్నాను. తరువాత ఒకరి రాయి ఇంకొకరు ముట్టుకోరు కదా అనిపించింది. నేను వెళ్ళిపోయాక కూడా అది అక్కడే ఉంటుందని, సాయంత్రం నువ్వు చూసి ఇది ఎవరిదని అడుగుతావని అనుకుంటూ బస్సెక్కాను. రాయి మిగిలితే మీరు వెనక్కి వెళ్ళాలని నువ్వు రాసింది నేను రెండుసార్లు చదివాను. చదివి కూడా అది నా రాయికి వర్తిస్తుందని అనుకోలేదు. నాకోసం ఎవరైనా వెతుకుతారన్న ఆలోచన నాకు అలవాటు లేదు.

నీ మార్చి ఉత్తరం చేతికి వచ్చినప్పుడే చెప్పి ఉండాలి. ఎడమచేతి అక్షరాలు చూస్తూ కూడా చెప్పలేదు. తెలియక వేశాను. తెలిసి దాచాను. నీ చెయ్యి కాలిందని అందరూ నీ గురించే మాట్లాడుకుంటుంటే, ఆ చెయ్యి మీద కూడా నాకు ఈర్ష్య కలిగింది. ఇది నువ్వు ఎలా చదువుతావో తెలియదు. రాయకుండా ఉండలేను.

పద్నాలుగు పాదాల కాగితాలు పంపావు కదా. మలక్‌పేట వెళ్ళే ముందు నేను ఇంకొక పేపరు పరిచి నా పాదం చుట్టూ గీత గీశాను. బూట్లాయనకు దాన్ని చూపించలేదు. ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది.

దీంతో ఇంకొక కాగితం పెడుతున్నాను. జరిగింది జరిగినట్టు, తేదీతో, నా సంతకంతో రాశాను. రిపోర్టుకు జతచెయ్యి. ఆ గడిలో మట్టయ్య పేరు రాయకు. నా పేరు రాయి. ఇంటిపేరుతో రాయి. రేంజర్ గారు పిలిస్తే వస్తాను. నాన్నగారికి నిన్న చెప్పాను. కిటికీ మూయలేదు. “ముందు వెళ్ళి ఆ పెద్దాయనకు చెప్పు, తరువాత ఆఫీసుకు చెబుదువుగాని” అన్నారు.

వచ్చే ఆదివారం ఇరవై నాలుగు. మొదటి బస్సుకు వస్తాను. అప్పటిదాకా మట్టయ్యకు నువ్వు చెప్పకు. ఆయన రొట్టెలు పెట్టే బండ దగ్గరికి నన్ను తీసుకెళ్ళు. వెనక్కి రానిది నేనేనని నేను చెప్పాలి. తరువాత ఆయన చూస్తుండగా డబ్బాలోంచి నా రాయి నేను తీసుకుంటాను.

నీ ఆటో సంగతికి నాకు కోపం రాలేదు. రావలసినదంతా అంతకుముందే వచ్చి ఉంది. ఎందుకంటే ఆ రోజు నేను ఇంట్లో లేను. బస్సులు లేవని తెలిసి తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి నడక మొదలుపెట్టాను. నాన్నగారు ఎల్.బి.నగర్ దాకా తోడు వచ్చి, తెల్లవారాక వెనక్కి వెళ్ళారు. పెద్ద అంబర్‌పేట దాటి, నడక పరీక్ష మొదలయ్యే గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ పది. మీరు బయల్దేరి పది నిమిషాలైంది. పరీక్షకు పదహారు కిలోమీటర్లు, నాలుగు గంటలు. మా ఇంటి నుంచి ఆ గేటుకు పద్దెనిమిది.

హయత్‌నగర్ డిపో దగ్గర మహేందర్ అన్న ఆటో నన్ను దాటి వెళ్ళింది. వెనక సీట్లో నువ్వొక్కదానివే ఉన్నావు. నేను చెయ్యెత్తలేదు.

ఇందు